ఐవీ ఫోను గొంతు

హెక్లీలో ఐవీ బారక్లఫ్‌కి రెండు గొంతులుండేవి. ఒకటి పుట్టుకతో వచ్చింది, రెండోది ఉద్యోగంతో వచ్చింది. మొదటిది ఇంటికీ, వీధికీ, శుక్రవారం పూట చేపల వేపుడు కొట్టుకీ. రెండోది టెలిఫోనుకి మాత్రమే. ఇందులో ఆవిణ్ణి తప్పుపట్టడానికేమీ లేదు. ఆ రోజుల్లో ఇంగ్లండు ఉత్తరాదిన ఫోనెత్తిన ప్రతివాడూ నోట్లో ఉన్న మాటని పక్కన పెట్టి, పెట్టె అడుగున దాచిన పట్టుబట్ట తీసినట్టు ఇంకో మాట తీసేవాడు. అవతల ఉన్నది బొగ్గుల కొట్టువాడైనా సరే, ఇవతల మాట్లాడేది రాణిగారి మేనత్తలా ఉండాలి. అదేం రోగమో గానీ అందరికీ ఉండేది, ఐవీకి కాస్త ముదిరింది.

అసలు హెక్లీ వాళ్ళు అక్షరాలు పారేసుకోవడంలో మహా ఉదారులు. సొంత ఊరి పేరులో హకారం ఉందన్న పట్టింపు కూడా లేదు, ఎక్లీ అనే అంటారు. లండన్ వాళ్ళు 'బాఆత్' అని దీర్ఘం తీసే స్నానాన్ని వీళ్ళు 'బ్యాత్' అని టక్కున తెంపేస్తారు, నోరు ఎక్కువసేపు తెరిస్తే చలి లోపలికి పోతుందేమోనన్నట్టు. అది యార్క్‌షైర్ మాట. కొండకి అవతల లాంకషైర్, అక్కడి మాట మళ్ళీ వేరు. బయటివాళ్ళ చెవికి రెండూ ఒకటే. ఆ సంగతి ఈ రెండు వైపుల్లో ఏ వైపు వాడి ముందైనా నోరు జారి అన్నారో, పాలమూరు వాణ్ణి పట్టుకుని కర్నూలు వాడివా అన్నట్టే, ఇక మీ పని అయిపోయినట్టే.

ఐవీ పద్నాలుగో ఏట ఉన్ని మిల్లులో చేరింది. తండ్రి అప్పటికే పోయాడు. తల్లి మార్తా అదే మిల్లులో మగ్గాల మధ్య బతుకంతా గడిపి సగం చెవులు పోగొట్టుకున్న మనిషి. ఆ రొదలో మాట వినపడదు గనక మిల్లు ఆడవాళ్ళు గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకునేవారు. మూతి సాగదీసి, బుగ్గలు ఎగరేసి, ఈ చివర మగ్గం నుంచి ఆ చివర మగ్గం మనిషికి రాత్రి ఇంట్లో ఏం గొడవైందో పూసగుచ్చినట్టు చెప్పేవారు. పని మానేశాక కూడా మార్తాకి ఆ అలవాటు పోలేదు. చర్చిలో పాదిరిగారు ప్రసంగిస్తుంటే అవతలి వరసలో ఉన్న స్నేహితురాలికి చప్పుడు లేకుండా ఊరి కోడళ్ళందరి సంగతులూ చెప్పేసేది.

మిల్లు ఆఫీసులో ఫోను చూసుకునే పిల్ల పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవడంతో ఐవీ దశ తిరిగింది. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టినా యజమాని భార్యకి నచ్చలేదు. ఆవిడ లండన్ దగ్గర పుట్టిన మనిషి. మిల్లుకి ఫోను చేస్తే గొర్రెల దొడ్డికి చేసినట్టుందని మొగుణ్ణి సాధించేది. నేను చేస్తానని ఐవీ ముందుకొచ్చింది. అంతకు ముందు శీతాకాలమంతా రేడియోలో వార్తలు చదివేవాడి వెంటపడి, వాడు ఎక్కడ దీర్ఘం తీస్తే అక్కడ దీర్ఘం, ఎక్కడ హకారం ఊదితే అక్కడ ఊదుతూ, గిన్నెలు తోముకుంటూనే సాధన చేసి ఉంది. మొదటిరోజు ఫోనెత్తి ఐవీ మాట్లాడింది విని, ఆఫీసుకి ఎవరో జమీందారిణి వచ్చిందనుకుని యజమాని కోటు గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి బయటికొచ్చాడు.

మార్తాకి మాత్రం ఇదంతా కంటగింపు. "ఇంట్ల గొడ్డు లెక్క అరుస్తవ్. ఆ డబ్బా చేతుల వడితె దొరసాని లెక్క కులుకుతవ్. ఎవలకు వుట్టినవే నువ్వు?" అనేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే గదా. ఐవీ వినీ విననట్టు ఊరుకునేది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఐవీకి ముప్పై దాటింది, పెళ్ళి మాట ఇంట్లో ఎత్తడం మానేశారు. సరిగ్గా అప్పుడే ఫోనులోకి ఎంట్విసిల్ గారు వచ్చారు.

హెరాల్డ్ ఎంట్విసిల్ కొండకి అవతల బ్రాడ్‌క్లఫ్‌లో నూలు చుట్టే కర్ర కండెలు చేసే కర్మాగారంలో గుమాస్తా. ఐవీ వాళ్ళ మిల్లుకి కండెలు అక్కణ్ణుంచే వచ్చేవి. ప్రతి గురువారం ఎన్ని కావాలో కనుక్కోవడానికి ఆయన ఫోను చేసేవాడు. ఆ గొంతు వింటే ఐవీకి వెన్నెముక నిటారుగా అయిపోయేది. "శుభోదయము. కుమారి బారక్లఫ్ గారితో సంభాషించు భాగ్యము కలుగునా?" అని మొదలుపెట్టేవాడు. ఆ దీర్ఘాలు, ఆ హకారాలు, మాటకీ మాటకీ మధ్య ఆ గౌరవనీయమైన ఖాళీ. ఎవరో పెద్దింటి బిడ్డ అయి ఉంటాడు, ఆస్తి పోయి అక్కడ చిక్కుకున్నాడు పాపం అని ఐవీ తనలో తాను ఓ కథ అల్లుకుంది.

మొదట కండెలు. తర్వాత వాన. వాన అయ్యాక తోటలో పూలు. పూల దాకా వస్తే ఇక ఆగదు గదా. మాటల్లో మాటగా తమ తండ్రిగారు ఏమి చేసెడివారని ఆయన అడిగితే, వస్త్ర వాణిజ్యమందు ఉండెడివారని ఐవీ చెప్పేసింది. ఆయన తన తండ్రిగారు రవాణా రంగమున ప్రముఖులన్నాడు. సాయంత్రం తినేదాన్ని హెక్లీలో టీ అంటారు, ఐవీ డిన్నరు అంది. పియానో వాయిస్తానని కూడా అంది. ఇంట్లో పియానో కాదు గదా, పెట్టుకునే చోటే లేదు. అబద్ధమాడిన ప్రతి గురువారం సాయంత్రం ఆవిడకి అన్నం సహించేది కాదు, అయినా మళ్ళీ గురువారం కోసం కాచుకుని కూర్చునేది. చెప్పొద్దూ, ఆ గొంతు మీద ఆవిడకి ప్రేమ పుట్టింది. గట్టిగానే పుట్టింది.

రెండేళ్ళయ్యాక ఒక గురువారం ఆయన, పెంతెకొస్తు సెలవు సోమవారం నాడు కొండ మీద, రెండు జిల్లాల సరిహద్దు రాయి పక్కనున్న టీ హోటల్లో కలుసుకొనుట తమరికి సమ్మతమేనా అని అడిగాడు. ఐవీ సమ్మతమే అనేసింది. ఫోను పెట్టాక గానీ అసలు సంగతి తట్టలేదు. ఎదురుగా కూర్చుని నోరు తెరిస్తే మిల్లు పిల్ల అని తెలిసిపోతుంది. తెలిస్తే ఆయన టోపీ తీసుకుని లేచిపోతాడు. ఆ తర్వాత గురువారాలు ఉండవు. ఐవీకి లోకంలో ఇంకే భయమూ లేదు, అదొక్కటే.

ఇంట్లో సాధన మొదలుపెట్టింది. ఇక్కడే అసలు చిక్కు బయటపడింది. ఫోను చేతిలో లేకపోతే ఆ గొంతు రావడం లేదు. అద్దం ముందు నిలబడి ఎంత ప్రయత్నించినా హకారాలు ఎగిరిపోయి, దీర్ఘాలు తెగిపోయి హెక్లీ మాటే వస్తోంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, మాట కూడా అంతే. విసిగిపోయి, పక్కనున్న చల్లారిన ఇస్త్రీపెట్టె తీసి చెవికి పెట్టుకుంది. దొరసాని గొంతు గంగాప్రవాహంలా వచ్చేసింది. దించితే పోయింది. పెడితే వచ్చింది.

మార్తా గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. "ఇస్త్రీపెట్టె వట్టుకొని పోతవా పెండ్లిచూపులకు? చెవి నొస్తుందని చెయ్యి పెట్టుకో, అయితది" అంది. ఐవీ అరచేతిని చెవికి ఆనించి చూసింది. కాస్త తక్కువగానైనా గొంతు వచ్చింది. తల్లి సలహా పనికి రావడం అదే మొదటిసారి.

సోమవారం వచ్చింది. మార్తా కూడా బస్సెక్కింది. నేను నీకేమీ కానట్టు అవతల కూర్చుంటా, మనిషిని చూడకుండా పిల్లనిచ్చేది ఎట్లా అని వాదించింది. ఐవీ వద్దని బతిమాలింది. వినే రకమైతే గదా.

హోటల్లోకి అడుగుపెట్టేసరికి చెయ్యి చెవి మీద సిద్ధంగా ఉంది. కిటికీ పక్క బల్ల దగ్గర బూడిదరంగు కోటులో ఒక పొడవాటి మనిషి లేచి నిలబడ్డాడు. ఆయన చెయ్యి చెంప మీద, చెవి దాకా ఆని ఉంది. పన్ను నొప్పి, క్షమించవలెను అన్నాడు. చెవి పోటు, మన్నించవలెను అంది ఐవీ. ఇద్దరూ కూర్చున్నారు. ఇద్దరూ ఒంటిచేత్తో టీ పోసుకున్నారు, ఒంటిచేత్తో కేకు ముక్క కోసుకున్నారు. ఆయన కోస్తుంటే పళ్ళెం జారిపోతూ ఉంటే ఐవీ తన ఖాళీ చేత్తో పట్టుకుంది. టీ అందించే ఆవిడ ఈ రోగులిద్దరినీ చూసి, జాలిపడి, లవంగం నూనె ఏమైనా కావాలా అని అడిగింది.

మాటలు మాత్రం బ్రహ్మాండంగా సాగాయి. ఐవీ ఊహించుకున్న దొర కన్నా మనిషి ఇంకా మంచివాడిలా ఉన్నాడు. కళ్ళలో నవ్వుంది. అవతలి మూల మార్తా కూర్చుని, గొంతు లేకుండా మూతి సాగదీసి సూచనల మీద సూచనలు ఇస్తోంది. చెయ్యి దించకు. జర సక్కగ కూసో. ఆని కోటు మంచిగనే ఉంది, ఇల్లు సొంతమా కిరాయా అడుగు. ఐవీ ఆ మూల చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడింది.

కాసేపటికి చెప్పాల్సినవన్నీ చెప్పేసి మార్తాకి విసుగు పుట్టింది. ఆ రోజు యార్క్‌షైర్‌కీ లాంకషైర్‌కీ క్రికెట్ పోటీ. పెంతెకొస్తు పండగకి అది లేకపోతే ఆ రెండు జిల్లాల్లో పండగే కాదు. కాస్త ఆ రేడియో పెట్టు తల్లీ అని హోటలావిణ్ణి అడిగింది. చెవులు సరిగ్గా వినపడవు గనక ఇంకా పెంచు, ఇంకా పెంచు అంది. అప్పుడే రేడియోలో ఒక్కసారి గోల లేచింది. లాంకషైర్ మొదటి బ్యాట్స్‌మన్ కాలికి బంతి తగిలింది, అంపైరు వేలెత్తాడు.

"పోయిండు! పీడ వోయింది" అని ఐవీ చేతులు రెండూ పైకెత్తి కుర్చీలోంచి లేచింది.

"యాడ పోయినాడు? బంతి బయట పడింది గదా" అని హెరాల్డ్ బల్ల మీద గుద్దాడు. "ఆ అంపైరుకు మొగం మీద ఉండేవి కండ్లా, కాయలా?"

"ఔటంటే ఔటే. ఏలు లేపినంక గూడ ఇడిసి పోబుద్ధి కాదు మీ లాంకషైరోళ్ళకు."

"మీ యార్క్‌షైరోళ్ళకు అంపైర్లు ఇంటి అల్లుళ్ళు గదా, మేమేం చేస్తాం లే."

బంతి ఎక్కడ పడిందో ఇద్దరూ చూడలేదు, రేడియోలో బంతి కనపడదు. అయినా చెంచాలతో బల్ల మీద పిచ్ గీసుకుని, పంచదార ముక్కలు ఫీల్డర్లుగా పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు దులిపేసుకున్నారు. ఇద్దరి నోళ్ళలోనూ ఒక్క హకారం మిగల్లేదు, ఒక్క దీర్ఘం మిగల్లేదు. హోటలంతా వాళ్ళనే చూస్తోంది. ముందు ఐవీకే తెలివొచ్చింది. చెవి మీద చెయ్యి లేదు. ఆయన చెంప మీదా లేదు.

ఐవీ మొహం కందగడ్డ అయింది. ఆయన ఏదో అనబోతుండగానే టోపీ తీసుకుని బయటికి నడిచింది. బస్సులో మార్తా ఊరంతా వినేలా గొణిగింది. "మిల్లు పిల్లవని తెలిస్తె తెలిసె. రెండేండ్ల సంది లాంకషైరోనితోనా నువ్వు దొరసాని భాష మాట్లాడింది? ముందుగాల ఎర్కుంటె బస్సు కిరాయన్న మిగులుతుండె." ఐవీ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఆయనది ఏ జిల్లా అయితే తనకేం? పియానో, వస్త్ర వాణిజ్యం, అన్నీ అబద్ధాలని తెలిసిపోయింది. ఇక ఫోను చెయ్యడు, చేసినా వేరే గుమాస్తాకి అప్పగిస్తాడు. ఇల్లు చేరేదాకా ఆవిడకి ఇదే ఆలోచన.

గురువారం పొద్దున్నే వచ్చి ఫోను ముందు కూర్చుంది. మోగింది. ఎత్తింది.

"శుభోదయము" అంది ఆ గొంతు. "బ్రాడ్‌క్లఫ్ కండెల కర్మాగారము నుండి ఎంట్విసిల్ మాట్లాడుచున్నాను. తమరి చెవి పోటు ఉపశమించినదా?"

నవ్వాలో ఏడవాలో తెలియక ఐవీ, ఉపశమించినది, తమరి పన్ను ఎటులున్నది అని అడిగింది. తర్వాత ఫోనులో మొదటిసారి ఆయన సొంత మాట వినపడింది.

"మాయమ్మ గూడా మగ్గాల కాడ్నే పనిచేసె. మూల కూచున్న ముసలామె ఏం చెప్తాండాదో నాకు మొదట్నుంచీ తెలుస్తానే ఉండ్య. మాది బాడుగ ఇల్లే, ఆమెకు చెప్పు."

మరి అప్పుడే తెలిస్తే చెయ్యెందుకు దించలేదని ఐవీ అడిగింది.

"నువ్వు అంత కష్టపడి మాట్లాడ్తాంటివి. నేనొక్కన్నే దించితే నీకు నామోషీ గదా. నువ్వు దించేదాకా ఉందామనుకుంటి. చెయ్యి తిమ్మిరెక్కి సచ్చింది." ఆగి, మళ్ళీ అన్నాడు. "మా నాయన బొగ్గు బండి తోలేటోడు. రవాణా అంటి గదా, అబద్ధమేం కాదు."

"మా నాయన ఉన్ని మూటలు మోసెటోడు" అంది ఐవీ. "పియానో లేదు."

ఆ తర్వాత అడగాల్సింది ఆయన సొంత మాటలో అడగలేకపోయాడు. ఆ కొండకి అటూ ఇటూ మగాళ్ళెవరికీ సొంత మాటలో ఆ ముక్క అడిగిన చరిత్ర లేదు. గొంతు సవరించుకుని, దీర్ఘాలన్నీ కూడగట్టుకుని, "కుమారి బారక్లఫ్ గారూ, తమరికి సమ్మతమైనచో తమరిని వివాహమాడవలెనని నా అభిలాష" అన్నాడు.

"చేసుకుంట" అంది ఐవీ. "గాని అది ఔటే."

మార్తా ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఆ రోజుల్లో యార్క్‌షైర్ గడ్డ మీద పుట్టినవాడికే యార్క్‌షైర్ జట్టులో చోటు. అందుకని పుట్టబోయే మనవడు కొండకి ఇవతలే పుట్టాలి. అల్లుడు మిల్లు వీధికే కాపురం మార్చాడు. పుట్టిన ఇద్దరూ ఆడపిల్లలే. మార్తా అల్లుణ్ణి ఎన్నాళ్ళో క్షమించలేదు.

కాపురం అంటే కాపురంలాగే సాగింది. ఇంట్లో ఎవరి మాట వారిదే, పిల్లలకి రెండూ వచ్చాయి. ముద్దు మాటలు మాత్రం ఏ మాటలోనూ లేవు. పోట్లాట ముదిరి రెండు రోజులు పలుకులు లేకపోతే, హెరాల్డ్ టోపీ పెట్టుకుని వీధి చివర ఎర్ర ఫోను డబ్బాలోకి వెళ్ళి ఇంటికి ఫోను చేసేవాడు. శ్రీమతి ఎంట్విసిల్ గారితో సంభాషించు భాగ్యము కలుగునా అనేవాడు. ఆవిడ కూడా దొరసాని గొంతుతో, తమరి క్షమాపణ స్వీకరించితిమి, కూర చల్లారుచున్నది అనేది. ఆ ఫోనులో ఆయన అన్నిటికీ క్షమాపణ చెప్పాడు, ఒక్క ఆ ఔటుకి తప్ప. అది ఔటు కాదని ఆయన, ఔటేనని ఆవిడ, పండగ పండగకీ పంచదార ముక్కలు పేర్చుకుని మరీ కొట్టుకునేవారు.

తలలు నెరిశాక హెరాల్డ్‌కి గుండె జబ్బు చేసింది. ఆపరేషనని ఆస్పత్రిలో పెట్టుకున్నారు. ఆ పొద్దున ఐవీ బయల్దేరడానికి కోటు వేసుకుంటుండగా ఇంట్లో ఫోను మోగింది. మంచం దగ్గరికి తోసుకొచ్చే చక్రాల ఫోను అయి ఉంటుంది.

"శుభోదయము" అంది ఆ గొంతు, చాలా సన్నగా. "శ్రీమతి ఎంట్విసిల్ గారూ, ఒక విషయము విన్నవించుటకు ఫోను చేసితిని. నాడు కొండ మీద... అది ఔటేనని నేను అంగీకరించుచున్నాను."

ఐవీ భుజం మీంచి సగం తొడుక్కున్న కోటు జారిపోయింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఈ మాట అనలేదు. ఇప్పుడంటున్నాడంటే తిరిగిరానని నిశ్చయించుకున్నాడన్నమాట. కొండ మీద నుంచి బస్సులో వచ్చిన నాటి భయం మళ్ళీ తిరిగొచ్చింది. దొరసాని గొంతు కోసం వెతుక్కుంది, చేతిలో ఫోనుండి కూడా అది రాలేదు.

"నోర్ముయ్యి" అంది. "అది ఔటు కాదు. బంతి బయటనే పడ్డది. నాకు మొదటి సందే ఎర్క. ఇంటికొచ్చి నాతోని చెప్పించుకో."

అవతల నర్సు ఎవరో ఏదో అడుగుతోంది. ఆ తర్వాత హెరాల్డ్ గొంతు వినపడింది, ఈసారి సొంత గొంతే.

"చూసినావా? నేను అప్పుడే చెప్పలే?"

నెల తిరక్కుండా మనిషి ఇంటికొచ్చేశాడు. వచ్చినవాడు ఊరుకున్నాడా? రొట్టెల కొట్లో, చర్చి మెట్ల మీద, బస్సు కోసం నిలబడ్డ చోట, అది ఔటు కాదని మా ఆవిడే తన నోటితో ఒప్పుకుందని కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. యార్క్‌షైర్ నడిబొడ్డున నిలబడి లాంకషైర్ మాటలో చెప్పాడు. ఐవీ పక్కనే సంచీ పట్టుకుని నిలబడి, అవునని తలూపేది.